పాటల్లేకుండా మొదలైన ఆల్బమ్: పింక్ ఫ్లాయిడ్ 'మెడిల్' ఎలా వినాలి

1971 జనవరిలో లండన్ అబ్బీ రోడ్ స్టూడియోలో అడుగుపెట్టేనాటికి బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ దగ్గర రికార్డు చేయడానికి పాటలు లేవు. అంతకుముందు ఏడాది వచ్చిన 'ఆటమ్ హార్ట్ మదర్'లో ఎల్పీ రికార్డు ఒక పక్కంతా నిండిన సుదీర్ఘమైన కృతి ఉంది గానీ, అందులో ఇత్తడి వాద్యాలు, గాయక బృందం రాసింది రాన్ గీసిన్ అనే బయటి సంగీతకారుడు. ఇప్పుడు ఆ ఆసరా వద్దనుకున్నారు. తొలినాళ్లలో పాటలు రాసి పాడిన సిడ్ బారెట్ 1968లోనే వెళ్లిపోయాడు. మిగిలిన నలుగురు, గిటార్ డేవిడ్ గిల్మర్, బేస్ రోజర్ వాటర్స్, కీబోర్డులు రిచర్డ్ రైట్, డ్రమ్స్ నిక్ మేసన్, ఒక విచిత్రమైన పని మొదలుపెట్టారు. ఏ స్వరసంపుటి ఎప్పుడు మారాలో మాత్రం ముందే అనుకుంటారు. 'మొదటి రెండు నిమిషాలు మృదువుగా, తర్వాతి రెండు వేగంగా' లాంటి మాట ఒకటి పెట్టుకుంటారు. ఆ పైన ఒకరు వాయించింది మరొకరు వినకుండానే ఎవరి ట్రాకులో వారు వాయించేస్తారు. ఆ ముక్కలకు పెట్టుకున్న పేరే 'నథింగ్'. అవి 1 నుంచి 24 వరకు వెళ్లాయి.

వాటిలో చాలా భాగం ఎందుకూ పనికిరాలేదు. అలా వాయిస్తే పనికిరాకపోవడమే సహజం. కానీ పియానో మీద రైట్ మీటిన ఒకే ఒక్క పైస్థాయి స్వరం మిగిలింది. ఆ పియానో మైకును లెస్లీ స్పీకర్‌కు కలిపారు. లెస్లీ హామండ్ ఆర్గన్‌కు తోడుగా వాడే పెట్టె. అందులో హారన్ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. హారన్ మనవైపు వచ్చేటప్పుడు స్వరపు స్థాయి (పిచ్) కొద్దిగా పెరిగి, దూరమయ్యేటప్పుడు తగ్గుతుంది. అందుకే ఆ స్వరం పియానోలా కాకుండా, నీటి అడుగున వస్తువులను వెతికే సోనార్ పరికరం కూతలా వినిపిస్తుంది. తర్వాత స్టూడియోలో మళ్లీ అదే స్వరాన్ని తీయబోతే పియానోకూ లెస్లీకీ మధ్య పుట్టిన ఆ ప్రత్యేకమైన అనునాదం రాలేదు. చివరికి డెమో టేపులోని స్వరాన్నే పాట మొదట్లో ఉంచి, దాన్ని మిగతా రికార్డింగ్‌లోకి కలిపేశారు. 23 నిమిషాల 31 సెకన్ల 'ఎకోస్' ఆ స్వరంతోనే మొదలవుతుంది.

'మెడిల్'ను మెచ్చుకోవడానికి దారి ఇక్కడే ఉంది. ఇందులో బాణీలు గొప్పవని చెప్పడం కష్టం. సాహిత్యం కూడా వాటర్స్ తర్వాత రాసినంత పదునుగా ఉండదు. ఇక్కడ కూర్పు జరిగింది యంత్రాల నడవడికతో. ఎకో పెట్టె ఆలస్యం, తిరిగే స్పీకర్, తిరగబడిన తీగ, పాతబడిన తంత్రి: ఇవే ఇక్కడ రచనా సామగ్రి. బాణీ కోసం చెవి పెడితే సగం ఆల్బమ్ ఖాళీగా అనిపిస్తుంది. ఏ శబ్దం ఏ గదిలోంచి, ఏ వైపునుంచి వస్తోందో గమనిస్తే అదే సగం నిండుగా ఉంటుంది.

మొదటి ట్రాక్ 'వన్ ఆఫ్ దీజ్ డేస్' ఈ మాటకు మంచి రుజువు. గాలి హోరుతో మొదలై, రెండు బేస్ గిటార్లు మోగుతాయి. గిల్మర్ ఒకటి, వాటర్స్ ఒకటి వాయించారు. స్టీరియోలో ఒకటి ఒక చెవికి, రెండోది రెండో చెవికి. వాటిలో ఒకటి మొద్దుగా, మూతిమీద గుడ్డ కప్పినట్టు ఉంటుంది. కారణం పాత తంత్రులు. కొత్తవి కొని తెమ్మని పంపిన సహాయకుడు ప్రియురాలిని చూడటానికి వెళ్లిపోయాడని గిల్మర్ చెప్పాడు. ఎదురుచూడకుండా ఉన్నదానితోనే కానిచ్చారు. ఆ తేడా పాటకు మేలే చేసింది: రెండూ ఒకేలా మోగి ఉంటే చెవి వాటిని ఒకటిగా కలిపేసుకునేది.

ఆ గుర్రపు దౌడు లాంటి నడక చేతివేళ్ల వేగం కాదు. అది బిన్సన్ ఎకోరెక్ పని. ఇటలీలో తయారైన ఈ ఎకో యంత్రంలో టేపు ఉండదు. అయస్కాంత తీగ చుట్టిన లోహపు చక్రం తిరుగుతూ ఉంటుంది. రికార్డు చేసే హెడ్ ఒకటి, దాని వెనుక వరుసగా వినిపించే హెడ్లు నాలుగు. చివరి హెడ్‌కు చేరేసరికి శబ్దం సుమారు 300 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. తాళం దెబ్బ ప్రతి 450 మిల్లీసెకన్లకు, అంటే నిమిషానికి సుమారు 133 సార్లు పడుతోందనుకుందాం. దెబ్బ మీద ఒక స్వరం మీటితే మొదటి ప్రతిధ్వని 300 దగ్గర, అంటే దెబ్బలో మూడింట రెండో వంతు దగ్గర పడుతుంది. రెండోది 600 దగ్గర, అంటే తర్వాతి దెబ్బలో మూడింట ఒక వంతు దగ్గర. మూడోది 900 దగ్గర, సరిగ్గా మరో దెబ్బ మీద. దెబ్బకు ఒకసారి మీటినా చెవికి మూడు వినిపిస్తాయి. తిశ్ర నడక దానంతటదే పుడుతుంది.

దీన్ని ఇంట్లో ప్రయత్నించేవారికి తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఆలస్యాన్ని దెబ్బకు సమానంగా పెట్టుకోవడం. అప్పుడు ప్రతిధ్వని తర్వాతి స్వరం కింద దాక్కుంటుంది, ఏమీ వినిపించదు. శబ్దాన్ని ఆలస్యంగా తిరిగి పలికించే ఏ డిలే పెడల్ అయినా 300 మిల్లీసెకన్ల దగ్గర ఉంచి, పునరావృత్తులు నాలుగైదు వచ్చేలా తిప్పి, ప్రతిధ్వని శబ్దాన్ని అసలు స్వరానికి దాదాపు సమానంగా పెంచాలి. అది తగ్గితే దౌడు కాస్తా కుంటినడక అవుతుంది. రెండో చిక్కు: డిజిటల్ పెడల్ ప్రతిసారీ అదే స్పష్టతతో తిరిగి పలుకుతుంది. ఎకోరెక్‌లో తిరిగొచ్చిన ప్రతిసారీ శబ్దం కొంత మసకబారుతుంది. పెడల్‌లో టోన్ తగ్గించే వీలుంటే తగ్గించాలి, లేకపోతే నాలుగు స్వరాలకే అంతా అలికినట్టవుతుంది. మీటడం తాళంలో కొంచెం జారినా యంత్రం క్షమించదు. మెట్రోనోమ్ పెట్టుకోవడం మంచిది.

ఈ పాటలో మాటలు ఒకే ఒక్క వాక్యం, అదీ బెదిరింపు. ఆ గొంతు డ్రమ్మర్ మేసన్‌ది. రింగ్ మాడ్యులేటర్ అనే పరికరం గుండా పంపి, టేపు వేగం తగ్గించి దాన్ని మనిషి గొంతు కానట్టు చేశారు. దాని తర్వాత విరుచుకుపడే గిటార్ స్లైడుతో, అంటే తంత్రుల మీద జార్చే గొట్టంతో వాయించింది.

గాలి హోరు మీదుగానే రెండో పాట 'ఎ పిల్లో ఆఫ్ విండ్స్' వస్తుంది. ఇక్కడినుంచి మొదటి పక్క చివరిదాకా ఎగుడుదిగుడు ప్రయాణం. గిటార్‌ను ఓపెన్ ఇ శ్రుతిలో, అంటే లావు తంత్రి నుంచి ఇ, బి, ఇ, జి షార్ప్, బి, ఇగా సవరించి వాయించిన నిదానమైన పాట. పేరు మాజాంగ్ అనే చైనా పలకల ఆటలో చేతికొచ్చే ఒక పలకల జట్టుది. తర్వాతి 'ఫియర్‌లెస్' ఈ పక్కలో రెండో మంచి పాట, దక్కాల్సినంత పేరు మాత్రం దక్కలేదు. ఓపెన్ జి శ్రుతిలో (డి, జి, డి, జి, బి, డి) కిందినుంచి పైకి మెట్లెక్కే గిటార్ వరుస, చివర్లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ అభిమానులు స్టేడియంలో కోరస్‌గా పాడుతున్న రికార్డింగ్. వాటర్స్ ఆర్సెనల్ అభిమాని కావడం ఇందులో చిన్న తమాషా. ఓపెన్ శ్రుతుల్లో వేళ్లు ఏవీ నొక్కకపోయినా తంత్రులన్నీ ఒకే స్వరసంపుటిగా మోగుతాయి. ఈ రెండు పాటల్లో గిటార్ కింద ఎప్పుడూ ఒక నిలకడ నాదం ఉన్నట్టు తోచేది అందుకే.

'సాన్ ట్రోపే' వాటర్స్ ఒక్కడే రాసి తెచ్చిన పాట, ఎండలో కాళ్లు చాపుకున్న జాజ్ ఛాయ. రైట్ పియానో కోసం వినవచ్చు. 'షేమస్' గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: సంగీతకారుడు స్టీవ్ మారియట్ పెంపుడు కుక్క బ్లూస్ పాటకు ఊళ వేస్తుంది. 2 నిమిషాల 15 సెకన్లు. ఒకసారి నవ్వు వస్తుంది, రెండోసారి రాదు. దాటేసినా ఆల్బమ్‌కు నష్టం లేదు.

ఇక రెండో పక్కంతా 'ఎకోస్'. ఇది స్టూడియోలో పూర్తిగా తయారై బయటికి రాలేదు. 1971 ఏప్రిల్ 22న నారిచ్‌లో తొలిసారి ప్రేక్షకుల ముందు వాయించారు. అప్పటికి పేరు 'రిటర్న్ ఆఫ్ ద సన్ ఆఫ్ నథింగ్'. సాహిత్యంలో అప్పుడు రెండు గ్రహాలు ఎదురుపడతాయి. 'అంతరిక్ష రాక్' అనే ముద్రతో విసిగి వాటర్స్ దాన్ని మార్చాడు: సముద్రపు అడుగు, పగడపు గుహలు, ఆ తర్వాత వీధిలో ఎదురైన ఇద్దరు అపరిచితులు ఒకరిలో ఒకరు తమనే చూసుకోవడం. ఇలా ముందుగా వేదికల మీద వాయించి, నలిపి, తర్వాత రికార్డు చేసే పద్ధతే 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'కీ పనికొచ్చింది.

రికార్డింగ్ మాత్రం అబ్బీ రోడ్‌లో ముగియలేదు. అక్కడ అప్పటికి ఉన్నది 8 ట్రాకుల యంత్రం. డ్రమ్స్, బేస్, కీబోర్డులు, రెండు గిటార్లు, రెండు గొంతులు చేరేసరికి ట్రాకులు నిండిపోతాయి. కొత్తది చేర్చాలంటే పాతవాటిని కలిపి ఒకటి చేయాలి. అలా కలిపిన ప్రతిసారీ టేపు బుసబుస పెరుగుతుంది, కలిపినవి మళ్లీ విడదీయలేరు. ఈ నిశ్శబ్దాల సంగీతానికి బుసబుస విషంతో సమానం. అందుకే లండన్‌లోనే 16 ట్రాకులున్న ఎయిర్, మోర్గన్ స్టూడియోలకు పనిని మార్చారు.

మొదటిసారి వినేవారికి దారి తెలిస్తే మేలు. కింద చెప్పే సమయాలు సుమారుగా చూసుకోవాలి. మొదటి మూడు నిమిషాలు ఆ స్వరం, దాని చుట్టూ మెల్లగా చేరే వాద్యాలు. మూడో నిమిషం దగ్గర గిల్మర్, రైట్ గొంతులు జంటగా వస్తాయి. ఎవరు పైన, ఎవరు కింద అని విడదీయబోతే తికమకే. రెండూ స్వభావంలో దగ్గరి గొంతులు. చరణాల తర్వాత అన్ని వాద్యాలూ కలిసి అర్ధస్వరాల మీదుగా జారే బరువైన వరుస ఒకటి ఉంటుంది, దాన్ని గుర్తుపెట్టుకోవాలి, చివర్లో మళ్లీ వస్తుంది. అయిదున్నర దగ్గర గిటార్ సోలో. ఏడు నిమిషాల నుంచి పదకొండు దాటేదాకా ఫంక్ నడక. ఇక్కడ గిల్మర్ కంటే రైట్ ఆర్గన్‌నూ, దాదాపు మారకుండా పట్టుకుని కూర్చున్న బేస్ వరుసనూ వినాలి.

పదకొండు నిమిషాల ఇరవై సెకన్ల ప్రాంతంలో నడక కరిగిపోతుంది. తాళం ఉండదు. గాలి వీస్తుంది, కాకులు అరుస్తాయి, ఏదో సముద్రజీవి కేకలు వేస్తుంది. ఎక్కువమంది 'ఎకోస్'ను ఆపేసేది ఈ మూడున్నర నిమిషాల్లోనే. కాకుల అరుపు రికార్డు చేసి తెచ్చినదే. గాలి మాత్రం బేస్ గిటార్: వాటర్స్ తంత్రుల మీద స్లైడ్ రాస్తూ ఎకోరెక్ గుండా పంపాడు. ఆ కేక గిల్మర్ గిటార్, కాలితో తొక్కితే స్వరం 'వా' అన్నట్టు మారే వా పెడల్‌కు తీగలు తిరగేసి పెట్టిన ఫలితం. గిటార్ వెళ్లాల్సిన చోట ఆంప్లిఫయర్, ఆంప్లిఫయర్ వెళ్లాల్సిన చోట గిటార్. అలా పెడితే పెడల్ లోపలి సర్క్యూట్ తనకు తానే కూత పెట్టడం మొదలుపెడుతుంది. తంత్రి మీటనక్కర్లేదు. గిటార్ మీది వాల్యూమ్, టోన్ మరలు తిప్పితే కూత స్థాయి పైకీ కిందికీ జారుతుంది. పొరపాటున తగిలిన ఈ శబ్దాన్ని 1970 కచేరీల్లోనే 'ఎంబ్రియో' అనే పాటలో వాడారు. ప్రయత్నించేవారికి ఒక మాట: ముందు భాగంలో బఫర్ సర్క్యూట్ ఉన్న కొత్త పెడళ్లు చాలావరకు ఇలా కూయవు, పాత తరహా సాదా వా పెడల్ కావాలి. సొంత బ్యాటరీ ఉండే యాక్టివ్ పికప్ గిటార్‌తోనూ కుదరదు. ఆంప్లిఫయర్ శబ్దం పూర్తిగా తగ్గించాకే తీగ మార్చాలి. ఆ కూత ఒక్కసారిగా లేస్తుంది, చెవికీ స్పీకర్‌కూ మంచిది కాదు.

ఈ భాగం ఎందుకు ఉండాలి అంటే, దీని తర్వాత వచ్చేదాని కోసం. పదిహేనో నిమిషం ప్రాంతంలో ఆ తొలి స్వరం తిరిగొస్తుంది. ఆర్గన్ ఒక స్వరసంపుటిని పట్టుకుంటుంది, డ్రమ్స్‌లోని జంట తాళాల (హై-హ్యాట్) చప్పుడు చేరుతుంది, గిటార్ అణిచిపెట్టి మీటుతుంది, మూడు నిమిషాల పాటు ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. పద్దెనిమిది దాటాక గిటార్ స్వరాలు రెండు వైపులా విచ్చుకుంటాయి. తాళం లేని ఆ ఎడారి లాంటి భాగాన్ని దాటేసి నేరుగా ఇక్కడికి వస్తే ఇదొక మంచి గిటార్ ముక్క, అంతే. దాని బరువు ముందున్న మూడున్నర నిమిషాల తాళం లేమిలో ఉంది. పంతొమ్మిది దాటాక ఆఖరి చరణం, మళ్లీ ఆ జారే వరుస. చివరి రెండు నిమిషాల్లో గుంపుగా పాడుతున్నట్టు వినిపించేది గాయకుల గుంపు కాదు. గదిలో రెండు మూలల్లో రెండు టేప్ రికార్డర్లు పెట్టారు. పాటలోని స్వరసంపుటిని ఒకదానిలోకి పంపి వినిపిస్తూ, అదే సమయంలో రికార్డు చేస్తూ, రెండోదానితో మళ్లీ పలికించారు. రెండింటి మధ్య ఆలస్యం కారణంగా స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, ఎప్పటికీ పైకే వెళుతున్న భ్రమ కలుగుతుంది.

వినే పరికరాల సంగతి ఈ ఆల్బమ్‌కు మామూలుకంటే ఎక్కువ ముఖ్యం. ఫోన్ స్పీకర్‌లోనో, ఒంటరి బ్లూటూత్ పెట్టెలోనో రెండు ఛానెళ్లు ఒకటైపోతాయి. మొదటి పాటలో మొద్దు బేస్ రెండోదాని కింద మాయమవుతుంది, చిన్న స్పీకర్లు కింది స్థాయిని ఎలాగూ పలికించలేవు. ఖరీదైనవి అవసరం లేదు, తీగ ఉన్న ఒక మోస్తరు హెడ్‌ఫోన్లు చాలు. యాప్‌లో షఫుల్, క్రాస్‌ఫేడ్ ఆపేసి, గ్యాప్‌లెస్ ఉంటే పెట్టుకోవాలి. మొదటి రెండు పాటల మధ్య గాలి తెగిపోతే ఆ అతుకు పోతుంది. శబ్దాన్ని సమం చేసే నార్మలైజేషన్ ఒక్కో ట్రాకుకు కాకుండా ఆల్బమ్ మొత్తానికి వర్తించేలా ఉండాలి.

శబ్దస్థాయి ఎక్కువమంది తప్పుగా పెట్టుకుంటారు. 'ఎకోస్' తొలి స్వరం సన్నగా ఉందని వాల్యూమ్ పెంచుతారు, బరువైన వరుస రాగానే అదిరిపడి తగ్గిస్తారు, ఆ తగ్గించిన స్థాయిలో పన్నెండో నిమిషంలోని గాలి అసలు వినిపించదు. ముందు పద్దెనిమిదిన్నర నిమిషం దగ్గరికి వెళ్లి, అక్కడ చెవికి హాయిగా ఉన్నంత గట్టిగా పెట్టుకుని, తిరిగి మొదటికి రావాలి. ఆ తర్వాత మరను ముట్టుకోకూడదు.

ఎల్పీ కొనేవారికి: రెండు పక్కలూ దాదాపు 23 నిమిషాల చొప్పున ఉంటాయి, అంటే గాడులు ఇరుకుగా చెక్కక తప్పదు. రికార్డు 33⅓ వేగంతోనే తిరిగినా లోపలి వలయాల్లో సూది కింద సెకనుకు జరిగే గాడి పొడవు తగ్గుతుంది, పైస్థాయి స్వరాలు మసకబారి చీలికలు వినిపిస్తాయి. 'ఎకోస్' ముగింపు సరిగ్గా అక్కడే పడుతుంది. దీర్ఘవృత్తాకారపు సూది, సరైన కోణంలో అమర్చిన కార్ట్రిడ్జ్ ఉంటే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. తొలి స్వరం అంచున నిశ్శబ్దం మీద పడుతుంది కాబట్టి ప్రతి దుమ్ము రేణువూ చిటపటలాడుతుంది. పాత ప్రతి కొంటే అట్ట కంటే ముందు రెండో పక్క తొలి అంగుళం చూడాలి. స్ట్రీమింగ్‌లో వినేవారు 'షేమస్' తర్వాత కాసేపు ఆపడం మంచిది. ఎల్పీ తిప్పేటప్పుడు సహజంగా వచ్చే విరామం అది. కుక్క ఊళ మీదనే ఆ స్వరం పడితే దానికి అన్యాయం.

అట్ట మీద ఉన్నది నీటి అడుగున ఒక చెవి, పైన నీటి అలల వలయాలు. హిప్నోసిస్ సంస్థ చేసిన ఈ అట్టను విప్పి, తిప్పి చూస్తేనే చెవి చెవిలా కనబడుతుంది. ఫోన్‌లో చతురస్రంగా చూసేవారికి అది ఏదో గోధుమరంగు మడత. దాన్ని రూపొందించిన స్టార్మ్ థార్గర్‌సన్‌కే తర్వాత అది నచ్చలేదు.

1971 అక్టోబరు చివర్లో అమెరికాలో, నవంబరులో బ్రిటన్‌లో విడుదలైంది. అమ్మకాల పట్టికలో బ్రిటన్‌లో 3వ స్థానం, అమెరికాలో 70. ప్రచారం సరిగా జరగకపోవడం అక్కడ దెబ్బతీసిందని చెబుతారు.

ఆల్బమ్ ఒంటబట్టాక వెతకాల్సింది పాంపేయి చిత్రం. 1971 అక్టోబరులో దర్శకుడు ఏడ్రియన్ మాబెన్ ఇటలీలోని పాంపేయి శిథిల రంగస్థలంలో ప్రేక్షకులెవరూ లేకుండా బృందాన్ని చిత్రించాడు. 'ఎకోస్'ను రెండుగా విడగొట్టి చిత్రం మొదట, చివర పెట్టారు కాబట్టి ఒకే ధారగా వినాలంటే రెండు భాగాలూ పక్కపక్కన పెట్టుకోవాలి. స్టూడియోలో దాగినవన్నీ ఇక్కడ కళ్లకు కనిపిస్తాయి: ఎవరి చేయి ఏ మర మీద ఉందో, ఏ శబ్దం ఏ పెట్టెలోంచి వచ్చిందో. 2025లో స్టీవెన్ విల్సన్ కొత్తగా మిక్స్ చేసిన ప్రతి వచ్చింది, బేస్ స్పష్టత కోసం దాన్నే ఎంచుకోవచ్చు. ఆ తర్వాత 2006 ఆగస్టులో పోలండ్‌లోని గ్డాన్స్క్‌లో గిల్మర్, రైట్ కలిసి వాయించిన 'ఎకోస్' వినాలి. వయసు మీదపడిన గొంతులు, కానీ ఫంక్ భాగంలో గిటార్, ఆర్గన్ ఒకదానికొకటి బదులిచ్చుకునే తీరు స్టూడియో ప్రతిలో కంటే ఇందులోనే బాగుంది. రైట్ 2008లో మరణించాడు. అతను లేకుండా దీన్ని వాయించనన్నాడు గిల్మర్. 2016లో అదే పాంపేయి రంగస్థలానికి తిరిగి వెళ్లి కచేరీలు చేసినప్పుడు కూడా పాటల వరుసలో 'ఎకోస్' లేదు.